బాపు అరచేతికి వినిపించిన పిట్ట

మా కోడలికి పిట్టల పిచ్చి. ఆదివారం ప్రార్థన ముగియగానే బైనాక్యులర్లు మెడలో వేసుకొని ఎటో ఒక దిక్కు బయలుదేరుతుంది. పోయిన ఆదివారం, ఇంట్లో కూర్చొని మోకాళ్లు నిమురుకోవడం తప్ప మీకు పనేముంది అత్తమ్మా అంటూ నన్ను కూడా వెంట తీసుకుపోయింది. కమాన్‌పూర్ పోయే దారిలో, ఓపెన్‌కాస్టు గని కోసం తవ్విపోసిన మట్టి గుట్టలు గుట్టలుగా పెరిగి, ఆ గుట్టల మీద కంపెనీవాళ్లు నాటిన మొక్కలు చెట్లై, చూస్తుండగానే అక్కడొక చిన్నపాటి అడవి తయారైంది. ఆ అంచున నిలబడి కోడలు తన ఫోన్ పైకెత్తి పట్టుకుంది. అందులో ఏదో ఏర్పాటు ఉంది, చుట్టుపక్కల ఏ పిట్ట కూసినా దాని పేరు, బొమ్మ తెర మీద పడతాయి. చూస్తుండగానే ఒక పేరు పడింది, కాసేపటికి మళ్లీ అదే పేరు వెలిగింది. "విన్నరా అత్తమ్మా, ఎంత సన్నగ కూస్తున్నదో" అంది. నేను తల ఊపి, "ఆఁ, విన్న" అన్నాను.

నిజానికి నాకు ఏమీ వినిపించలేదు. గాలి వినిపించింది, దూరంగా గనిలో మట్టి మోసే డంపర్ల మోత వినిపించింది, పిట్ట మాత్రం వినిపించలేదు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి, అబద్ధమాడితే బెంచీ ఎక్కించిన దాన్ని, అరవై దాటాక ఒక పిట్ట విషయంలో కోడలితో అబద్ధమాడాను. ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకే మా బాపు గుర్తొచ్చాడు. నా ఈడువాళ్లు, గని కాలనీల్లో పుట్టి సైరన్ మోతలతో పెరిగినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ మాటలు వాళ్లతో పంచుకోవాలనిపించింది.

మా బాపు గోదావరిఖనిలో భూగర్భ గనిలో టింబర్‌మెన్. బొగ్గు తవ్వుతూ ముందుకు పోయేకొద్దీ పైన ఉన్న బండ కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం ఆయన పని. నిలబెట్టడానికి ముందు ఆ బండ గట్టిదో కాదో చూడాలి. అందుకు ఒక పొడుగాటి కర్రతో పైకప్పును తట్టి చెవి పెట్టి వినేవాడు. గట్టి బండైతే గంట కొట్టినట్టు ఠంగుమంటుందట, లోపల పొర విడిపోయిన బండైతే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బోలుగా పలుకుతుందట. బాపు తట్టి, కాసేపు ఆగి, తల ఊపితే తప్ప ఆ గ్యాంగులో ఎవరూ ఆ బండ కింద కాలు పెట్టేవాళ్లు కాదు. పని చేయించే పై అధికారి ఓవర్‌మెన్ సారు అప్పటికే చూసి పొమ్మన్నా సరే, బాపు వచ్చేదాకా బీడీ కట్ట విప్పినట్టు నటిస్తూ బయటే నిలబడేవాళ్లని కాక చెప్పి నవ్వేవాడు. గనిలో బీడీ నిషేధం కాబట్టి ఉత్త నటనే. ఈ కాక మాకు రక్తసంబంధం కాదు, బాపు వెంటే పనిచేస్తూ దుంగలు అందించే మనిషి, మా పక్క క్వార్టర్‌లోనే ఉండేవాడు. బాపును అన్న అనేవాడు, బాపు ఆయనను తమ్మీ అనేవాడు, మాకు ఆయన కాక, ఆయన భార్య చిన్నమ్మ. అంతకంటే దగ్గర బంధువులు మాకు లేరు.

నేను ఏడో తరగతి ముగించిన ఎండాకాలంలో, కుటుంబంతో దూరప్రయాణం చేసి రావడానికి కంపెనీ ఇచ్చే సెలవు బాపుకూ కాకకూ ఒకేసారి దొరికింది. అంతకుముందు ఆ సెలవు దొరికినవాళ్లు మద్రాసు పోయి సముద్రం చూసి వచ్చేవాళ్లు. బాపు మాత్రం సముద్రం వద్దు, గుట్టలు కావాలన్నాడు. జీవితమంతా భూమి కిందికి దిగిన మనిషికి ఒక్కసారైనా భూమి మీద ఎంత ఎత్తుంటే అంత ఎత్తుకు పోవాలని ఉండేదేమో, ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం నైనితాల్ అనే పేరు విని, అక్కడ ఎండాకాలంలో కూడా చలి ఉంటుందని విని, మా కాలనీ అంతా మమ్మల్ని చంద్రుడి మీదికి పోతున్నట్టు చూసింది.

అసలు సమస్య స్వెట్టర్లు. రామగుండం ఎండల్లో పుట్టి పెరిగిన మాకు స్వెట్టరంటే ఏమిటో తెలియదు. ఎదురు లైనులో కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు సారు భార్య రెండు ఇచ్చింది, చర్చి పాస్టరమ్మ ఒకటి ఇచ్చింది, ఎవరో మంకీ క్యాపులు ఇచ్చారు. మా తమ్ముడికి దొరికిన స్వెట్టర్ మోకాళ్ల దాకా వచ్చింది. బాపు, కాక మాత్రం కంపెనీ ఇచ్చిన డ్యూటీ బూట్లు బాగా తుడుచుకొని అవే వేసుకున్నారు, గుట్టలెక్కడానికి ఇంతకంటే గట్టి బూట్లు ఎవరి దగ్గరున్నాయని. అమ్మ మామిడికాయ తొక్కు జాడీ, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం సంచి సర్దింది. రైలెక్కే ముందు స్టేషన్ బల్ల మీద మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించింది. కాకవాళ్లు ప్రతి సోమవారం శివుడి గుడికి పోయేవాళ్లే అయినా ఆ ప్రార్థనకు తలలు వంచి కూర్చున్నారు, చివర ఆమెన్ అని మా అందరికంటే గట్టిగా అన్నది కాకే.

ఢిల్లీ మీదుగా కాఠ్‌గోదాం చేరి, అక్కడ బస్సెక్కి, మలుపు మలుపుకూ పిల్లలం వాంతులు చేసుకుంటూ పైకి చేరాం. ఊరికి కాస్త దూరంగా, చెట్ల మధ్య, ఒక పాత విడిది ఇంట్లో రెండు గదులు దొరికాయి. అక్కడ కాపలా ఉన్న ముసలాయన ఒకప్పుడు అడవిశాఖలో పనిచేసి రిటైరైనవాడు. గనిలో దేశం నలుమూలల మనుషులతో పనిచేసినవాళ్లు కాబట్టి బాపుకూ కాకకూ హిందీ నీళ్లు తాగినంత సులువు, వాళ్ల హిందీలో సగం మన ఉర్దూ కలిసి ఉన్నా ముసలాయనకు బాగానే అర్థమయ్యేది.

పర్యాటకులంతా ఎండ వచ్చేదాకా దుప్పట్లలో ముడుచుకొని పడుకునేవాళ్లు. మాకు ఆ అదృష్టం లేదు. ఏళ్లకేళ్లు ఫస్టు షిఫ్టుకు లేచిన ఇళ్లు మావి, ఎవరూ లేపకుండానే రెండు కుటుంబాలూ తెల్లవారుజామున లేచి, స్టవ్వు ముట్టించి, చాయ్ తాగి, ఇంక చేసేదేమీ లేక వరండాలో వరసగా కూర్చుండిపోయాం. బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్న మమ్మల్ని చూసి ముసలాయన నవ్వి, ఊరికే కూర్చోవడమెందుకు, రండి పిట్టల్ని చూపిస్తానన్నాడు. ఎవరో దొరగారు వదిలిపోయిన పాత దుర్భిణి ఒకటి ఆయన దగ్గర ఉండేది. అలా మొదలైంది మా పిట్టల వేట, షిఫ్టు అలవాటు పుణ్యమా అని.

ఆ ఉదయాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. సూదుల్లాంటి ఆకుల చెట్ల కింద నేల మెత్తగా ఉండేది, నోరు తెరిస్తే పొగ వచ్చేది, కాక కూతుళ్లిద్దరూ ఆ పొగతో బీడీ తాగుతున్నట్టు ఆడేవాళ్లు. మాట్లాడకూడదని ముసలాయన ఆజ్ఞ. ఆయన ఆగి, చెవి దగ్గర వేలు పెట్టుకొని, ఆ కూత వచ్చిన వైపు చూపించేవాడు, మేమంతా అటు తిరిగేవాళ్లం. తోకంతా మంటల రంగులో ఉన్న పిట్టను చూశాం, నీలిమందు నీళ్లలో ముంచి తీసినట్టున్న పిట్టను చూశాం. లోయలో వాగు పక్కన ఒక నల్లని పిట్ట మనిషి ఈల వేసినట్టే ఈల వేసేది, ఆ ఈల వింటూ అమ్మ ఒక బండ మీద కూర్చొని లేవనంది. పుట్టినప్పటి నుంచి ఇంత తీరుబడిగా కూర్చున్నది లేదు, ఇంకాసేపు ఉండనీయండ్రి అంది. పనిచేయని అమ్మను నేను చూడటం అదే మొదటిసారి.

అందరికంటే ముందు పిట్టను కనిపెట్టేది బాపే. చీకటిలో పనిచేసిన కళ్లు కదా, గుబురు ఆకుల నీడలో కూర్చున్న పిట్టను దుర్భిణి లేకుండానే పట్టేసేవాడు. ముసలాయన ఆశ్చర్యపోయి, నలభై ఏళ్లు అడవిలో తిరిగిన నాకు కనిపించనిది నీకెలా కనిపిస్తోందని అడిగేవాడు. బాపు గర్వంగా నవ్వేవాడు. అయితే రెండో రోజో మూడో రోజో నేనొక చిన్న సంగతి గమనించాను. కదిలే పిట్టను బాపే ముందు చూస్తాడు. కదలకుండా కూర్చొని కూసే పిట్ట దగ్గర మాత్రం, మేమంతా తిరిగాక, మా ముఖాలు ఎటున్నాయో చూసి, అప్పుడు తిరుగుతాడు. వాగు పక్కన ఈల మొదలైనప్పుడు మేమందరం టక్కున ఆగిపోతే బాపు నాలుగడుగులు ముందుకు నడిచి, వెనక్కి చూసి, ఆగాడు.

నాలుగో రోజు ఉదయం అడవి లోపల ఎక్కడో టకటకటకమని మోత వినిపించింది. ఎండిపోయిన పెద్ద చెట్టు పైకొమ్మన వడ్రంగి పిట్ట ముక్కుతో కొడుతోంది. కాకకు నవ్వాగలేదు. "అన్నా, గిది మన టింబర్‌మెనే. దుంగ తట్టి చూస్తున్నది" అన్నాడు. బాపు కూడా నవ్వాడు, కానీ ఎటు చూడాలో తెలియనట్టు కాక ముఖం వైపే చూస్తూ నవ్వాడు. తర్వాత నెమ్మదిగా ఆ చెట్టు దగ్గరికి నడిచి, అరచెయ్యి మొదలుకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు. పైన పిట్ట మళ్లీ కొట్టింది. బాపు ముఖం వెలిగింది. "ఆఁ, కొడ్తున్నది" అన్నాడు, ఎవరితో అని కాదు, తనలో తనే.

అందరూ పైకి చూస్తున్నారు, నేనొక్కదాన్నే బాపును చూస్తున్నాను. ఇంట్లో రేడియో ఎందుకంత గట్టిగా పెడతాడో, అమ్మ వంటింట్లోంచి పిలిస్తే ఎందుకు పలకడో, దాన్ని కోపమనుకొని అమ్మ ఎందుకు అలిగేదో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. తిరిగి వచ్చేటప్పుడు అందరికంటే వెనకబడి, బాపు చెయ్యి పట్టుకొని ఆపి, ముఖంలోకి చూస్తూ, నీకు పిట్టలు వినవడ్తలేవా బాపు అని అడిగాను. చుట్టూ చూసి, నన్నొక చెట్టు చాటుకు తీసుకుపోయి కూర్చోబెట్టాడు.

యాడాది నుంచి అట్లనే ఉందని చెప్పాడు. డ్రిల్లు మిషన్ల మోతకో, మందు పేల్చే చప్పుడుకో, సన్నని చప్పుళ్లు ముందు పోయాయట. బండను తడితే గట్టిదైనా బోలుదైనా ఒక్క తీరుగనే వినవడుతోందట. అందుకని కొన్నాళ్లుగా ఒక చెయ్యి బండకు ఆనించి రెండో చేత్తో తడుతున్నాడట, లోపల పొర విడిస్తే ఆ అదురు అరచేతికి తెలిసిపోతుందట. పాతకాలం పనివాళ్లు చాలామంది అట్లనే చూసేవాళ్లట. "చెవులు పోతే ఏంది బిడ్డా, చెయ్యి ఉన్నది గద" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. తెలిస్తే గనిలోంచి తీసి ఉపరితలం మీద ఏదో పని ఇస్తారు. ఆ పని చిన్నదని కాదు ఆయన బాధ. ఆయన తల ఊపితేనే పదిమంది బండ కిందికి వెళ్లేవాళ్లు, ఆ తల ఊపే మనిషి ఇంక తాను కాకుండా పోతాడని.

నాకు పన్నెండేళ్లు. గని ఎలా ఉంటుందో చూడలేదు, కానీ రోజూ అన్నం దగ్గర వినేదాన్ని కాబట్టి, కొన్ని చోట్ల పైకప్పు ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడినా అందనంత ఎత్తుంటుందని తెలుసు. అందుకే, తెలివి చూపించాలని కాదు, నిజంగా భయమేసి అడిగాను. "చెయ్యి అందని కాడ ఎట్ల చేస్తున్నవ్ బాపు?"

బాపు నా తల మీద మంకీ క్యాపు సరిచేసి, చలి ఎక్కువైంది పోదాం పా అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు నాకు పిట్టలు పట్టలేదు. సరస్సులో పడవ ఎక్కించారు, మాల్‌రోడ్డులో చక్కని చేతికర్రలు కొన్నారు, నాకు ముత్యాల్లాంటి గాజు పూసల దండ కొనిచ్చారు, ఏదీ ఒంటికి పట్టలేదు. కాక తన చిన్న కూతుర్ని భుజాల మీద ఎక్కించుకొని గుట్ట దిగుతుంటే చూసి ఏడుపొచ్చేది. ఏడాదిగా ఈ మనిషి ఏయే బండల కింద నిలబడ్డాడో, బాపు ఊపిన తలను నమ్మి. చెబితే బాపు మొహం చూడలేను, చెప్పకపోతే కాక మొహం చూడలేను. అమ్మ నాకు చలిజ్వరమనుకొని మిరియాల కషాయం తాగించింది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు ముసలాయన మమ్మల్ని కొండ పైకి తీసుకుపోయాడు. దారిలో చినుకులు మొదలైతే, పక్కనే ఉన్న ఒక పెద్ద బండ చూరులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటే, దాని కిందికి చేరుదామన్నాడు. మా చోట ఇంకెవరైనా ఉంటే పరుగెత్తి దూరేవాళ్లే. మా రెండు కుటుంబాలూ మాత్రం వానలో తడుస్తూ ఆ బండ బయటే నిలబడిపోయాయి. చిన్నమ్మ తన పెద్ద పిల్లనూ మా తమ్ముణ్నీ రెక్కపట్టి ఆపింది. చూడని కప్పు కింద కూర్చోకూడదన్నది మా ఇళ్లలో ఆడవాళ్లకు కూడా అలవాటైన మాట. ముసలాయన లోపలి నుంచి చెయ్యి ఊపి పిలుస్తుంటే కాక నవ్వుతూ, "అన్నా, తట్టి చెప్పు. నువ్వు చెప్పినంకనే కూసుంటం" అన్నాడు.

బాపు కొత్త చేతికర్ర తీసుకొని బండ కిందికి వెళ్లాడు. బండ ఎత్తుగా ఉంది. కర్ర చాచి ఒకసారి తట్టాడు, ఆగాడు. ఇంకోచోట తట్టాడు. ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచింది, అందలేదు. మునివేళ్ల మీద లేచాడు, అయినా అందలేదు. ఆ లేచిన చెయ్యి అట్లనే గాలిలో ఉండిపోయింది. అందరూ ఆయన తల వైపు చూస్తున్నారు, ఎప్పుడు ఊపుతాడా అని. బాపు నా వైపు చూశాడు. నేను కళ్లు దించుకోలేదు, దించుకుంటే ఆయన తల ఊపేస్తాడని భయమేసింది.

బాపు కర్ర కింద పెట్టి వానలోకి వచ్చాడు. "గీడ కూసోవద్దు" అన్నాడు. తర్వాత కాక ముందు నిలబడి, "తమ్మీ, నాకు వినవడ్తలేదు. గీ బండే కాదు, యాడాది సంది ఏ బండా వినవడ్తలేదు" అన్నాడు.

కాక ముందు అర్థం కానట్టు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. చేతిలో ఉన్న పిల్లను చిన్నమ్మకు ఇచ్చి, "యాడాది సంది నీ మాట మీద నిలవడ్డ గద అన్నా" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మాటలో కోపం ఎంతుందో బాధ ఎంతుందో నాకు అప్పుడు తెలియలేదు. వానలో తడుస్తూ కిందికి దిగాం, ముసలాయన మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూస్తూ వెనకాలే దిగాడు. ఆ బండ ఆయన పుట్టినప్పటి నుంచి అట్లనే ఉందట, ఇంకో వందేళ్లు కూడా అట్లనే ఉంటుందేమో.

తిరుగు ప్రయాణంలో కాక బాపుతో మాట్లాడలేదు. పై బెర్తు ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఇచ్చిన అన్నం చిన్నమ్మ చేత పైకి పంపితే తిన్నాడు, అంతే. బాపు కిటికీ పక్కన కూర్చొని వైర్ల మీది పిట్టల్ని లెక్కపెడుతున్నట్టు బయటికే చూశాడు. అమ్మ మాత్రం ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. ఏడాదంతా పలకని మనిషి మీద అలిగినందుకు ఆమె ఎంత బాధపడిందో, చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పి ఏడ్చింది. బల్లార్షా దాటాక, బయట మన వైపు ఎండ, మన వైపు మోదుగు చెట్లు కనిపించడం మొదలయ్యాక, కాక కిందికి దిగి బాపు పక్కన కూర్చున్నాడు. చెవి దగ్గరికి వంగి, "రేపు ఫస్టు షిఫ్టుకు పోవద్దు. పొద్దుగాల దవాఖానకు పోదాం. నేను గూడ వస్త" అన్నాడు. వినిపించదేమోనని ఎంత గట్టిగా అన్నాడంటే బోగీ అంతటికీ వినిపించింది. ఎదుటి సీట్లో ముసలమ్మ వెల్లుల్లి నూనె వేడిచేసి పోయమంది, ఇంకొకాయన మంచిర్యాలలో మంచి డాక్టర్ ఉన్నాడన్నాడు. యాడాది దాచిన రహస్యం మీద పదిమంది సలహాలు చెబుతుంటే బాపుకు నవ్వొచ్చింది. కాకకు కూడా నవ్వొచ్చింది. వాళ్లిద్దరూ నవ్వుకోవడం చూసి నాకు ఆకలేసింది, మిగిలిన తొక్కన్నమంతా నేనే తిన్నాను.

పరీక్షలు చేశాక బాపును ఉపరితలం మీద దీపాల గదికి మార్చారు. గనిలోకి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చి, పైకొచ్చాక తీసుకొని లెక్క చూసుకోవడం అక్కడి పని. మొదట్లో ఆ కిటికీ వెనక కూర్చోవడం ఆయనకు జైలులా అనిపించింది. తల దించుకొని దీపాలు ఇచ్చేవాడట. కానీ సాయంత్రాలు కాకను మా క్వార్టర్ వెనక్కి పిలిచి, గోడను, నీళ్ల తొట్టిని, పగిలిన బండలను, చివరికి అమ్మ బియ్యం డబ్బాను కూడా కర్రతో తట్టిస్తూ, ఏది ఎట్ల పలుకుతుందో నేర్పడం మొదలుపెట్టాడు. తాను విన్న పాత చప్పుళ్లన్నీ ఆయనకు నోటికొచ్చు, ఇప్పటివి వినడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, కాక చెప్పింది సరేనా బిడ్డా అని అడిగేవాడు. కొన్నాళ్లకు కాక టింబర్‌మెన్ అయ్యాడు.

ఆ చలికాలంలో ఒక రోజు కాక డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా, ఒళ్లంతా బొగ్గుతోనే మా గడప ముందు వచ్చి గొంతుకూర్చున్నాడు. ఆ రోజు ఎత్తయిన చోట కర్ర చాచి తడితే బోలుగా పలికిందట. మనుషులను వెనక్కి లాగేశాడట. వాళ్లింకా దుంగలు తెచ్చే లోపలే బండ కూలిందట, కింద ఎవరూ లేరు. బాపు వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత "ఎట్ల మోగింది?" అని అడిగాడు. కాక చుట్టూ చూసి, మా ఇనప ట్రంకు పెట్టె మీద పిడికిలితో తట్టి చూపించాడు. బాపు ముందుకు వంగి ఆ పెట్టె మీద అరచెయ్యి పెట్టి, ఇంకోసారి కొట్టమన్నాడు. కాక కొట్టాడు. బాపు తల ఊపాడు. అప్పుడు ఆయన కళ్లలోంచి నీళ్లు కారడం నేను మొదటిసారి చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయి మోకరించింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్న మనుషులందరూ బతికి ఉన్నందుకు నేను ఇప్పటికీ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

తర్వాత బాపు దీపాల కిటికీలోంచి తల ఎత్తి మనుషులను చూస్తూ దీపాలు ఇవ్వడం మొదలుపెట్టాడు, పేరు పేరునా పలకరించేవాడు, జవాబు వినిపించకపోయినా పెదాలు చూసి పట్టేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు నన్ను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయేవాడు. చూడటం ఆయన వంతు, వినడం నా వంతు. మాట్లాడితే పిట్టలు లేచిపోతాయి కాబట్టి మేమొక పద్ధతి పెట్టుకున్నాం. గనిలో ఒక్క గంట కొడితే ఆగమని అర్థం, అందుకని నేను ఆయన భుజం మీద ఒకసారి తడితే ఆగాలి. రెండు తట్లైతే ఎడమ పక్క, మూడైతే కుడి పక్క. ఆయన తిరిగి, కళ్లు చిట్లించి, ఆకుల్లో పిట్టను పట్టుకొని, దాని గొంతు కదలడం చూస్తూ నిలబడిపోయేవాడు. నేను ఉద్యోగంలో చేరేదాకా, పెళ్లయ్యేదాకా, పెళ్లయ్యాక పుట్టింటికి వచ్చినప్పుడల్లా కూడా ఆ అలవాటు సాగింది.

ఇప్పుడు బాపు లేడు, అమ్మ లేదు. కాక రిటైరై, మనవల పెళ్లిళ్లు చూసి, తన మంచం మీదే కన్నుమూశాడు, గని మనిషికి అంతకంటే మంచి సంగతి లేదు. ఆ గని మూతపడి చాలా ఏళ్లయింది, దీపాల గది ఉన్న చోట తుమ్మచెట్లు మొలిచాయి. ఇప్పుడు ఎటు చూసినా ఓపెన్‌కాస్టే, భూమి పైకప్పును మొత్తంగా తీసి పక్కన గుట్టలుగా పోస్తున్నారు, తట్టి చూడటానికి పైన బండే లేదు, ఆకాశం ఉంది. మనుషులు నడుములు వంచి చీకట్లో పాకకుండా పనిచేస్తున్నారంటే సంతోషమే. అయినా మా కాలనీలో ఇప్పుడు ఒక బండను తట్టి, అది నిలుస్తుందో కూలుతుందో చెప్పగల మనిషి ఒక్కరు కూడా లేరని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఈ ఆదివారం కోడలు మళ్లీ తీసుకుపోయింది. అదే గుట్ట, అవే చెట్లు. ఫోన్ పైకెత్తింది, పేరు వెలిగింది, విన్నరా అత్తమ్మా అంది. నేను వినవడ్తలేదు బిడ్డా అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, పోయినసారి గూడనా అని అడిగింది. అవునన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు, ఎన్ని రోజుల నుంచి అని మాత్రం అడిగింది. అక్కడే ఒక బండ మీద కూర్చొని బాపు సంగతి, వడ్రంగి పిట్ట సంగతి, భుజం మీద తట్ల సంగతి చెప్పాను. అంతా విని లేచి నా వెనక వచ్చి నిలబడింది. కాసేపటికి నా భుజం మీద మూడుసార్లు తట్టింది. కుడి పక్కకు తిరిగాను. తురాయి కొమ్మ మీద బొటనవేలంత పిట్ట ఒకటి, దాని గొంతు ఆగకుండా కదులుతోంది. నాకు చప్పుడు లేదు, పిట్ట ఉంది. వినిపించడం లేదని ఒక్క మాట అనడానికి బాపుకు ఏడాది పట్టింది, ఆయన బిడ్డకు ఒక వారమే పట్టింది.